విల్లా గుమ్మంలో ఎర్రటి మడుగు

తెల్లారి త్రివేణి తలుపు తీయగానే, మాల్దీవుల్లోని విల్లా గుమ్మం ముందు నెత్తురు మడుగు కనిపించింది.

"ఎవరి రక్తమో తేలేదాకా మీరు నలుగురు స్నేహితులూ కదలొద్దు," అన్నాడు పరుగున వచ్చిన రిసార్ట్ మేనేజర్.

సముద్రంలోని పగడపు దిబ్బల దగ్గరికి వెళ్లే పడవ పది నిమిషాల్లో బయల్దేరుతుంది. ఆ పగడాల మధ్య ఈదాలనే త్రివేణి నాచారంలో ఆర్నెల్లు ఈత నేర్చుకుంది. ఆమె వంగి వాసన చూసింది.

"పసుపూ సున్నమూ కలిపిన నీళ్లివి! జగన్, నీ పనేనా?"

"నేనే త్రివేణీ. నిన్న మన ఫొటోలు చూసి ఉప్పల్ ఉప్పలంతా కుళ్లుకున్నది. నరుని కంటికి నల్లరాయి పలుగుతది గదా! పొద్దుగాల మీరు పండుకోని ఉండంగనే దిష్టి తీసిన. పారబోద్దామంటే ఈ దీవిల మూడు బాటల కూడలి యాడ దొరుకుతది? గుమ్మం ముంగటే పోసిన. సార్‌కు నేను చెప్పుకుంట గని, నువ్వు ఉరుకు, పడవ పోతది!"