బంతి ఆగే చోటు

హైదరాబాద్ బస్సు దిగిన నిరోష నేరుగా ఇంటికి పోలేదు. గోల్ఫ్ కర్రల సంచీ భుజాన వేసుకొని, బోధన్ బస్టాండ్ నుంచి మూడు కిలోమీటర్లు నడిచి, మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ వెనక ఉన్న మైదానానికి వచ్చింది. అక్కడ ఆత్మారాం పొద్దుటి నుంచి ఆమె కోసమే కాచుకొని ఉన్నాడు. పిల్ల ముఖం చూడగానే ఆయనకు సంగతి అర్థమైంది. అయినా అడిగాడు.

"ఏమైంది బిడ్డా?"

"దూరం కొట్టుడుల మంచిగనే ఉన్న కాకా. గ్రీన్ మీదికి పోయినంక మొత్తం చెడగొట్టిన. పది బంతులల్ల రెండే ఆగినయ్. కడమయన్ని గుంత దాటి ఉరికినయ్."

హైదరాబాద్‌లో ఒక అకాడమీ వాళ్లు ఏటా నలుగురు అమ్మాయిలను తీసుకుంటారు. రెండేళ్లు ఉచితంగా శిక్షణ, ఉండటానికి గది, తినడానికి తిండి. ఇరవై ఏళ్లు దాటితే తీసుకోరు. నిరోషకు వచ్చే సంక్రాంతికి ఇరవై దాటుతాయి. ఆమె కొట్టిన పెద్ద దెబ్బలు చూసి వాళ్లు ముచ్చటపడ్డారట. అందుకే గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, కొట్టే చిన్నదెబ్బ పరీక్ష ఒక్కటి మళ్లీ పెడతామన్నారు. ఇరవై రోజుల గడువు. పది అడుగుల దూరం మొదలుకొని నలభై అడుగుల దాకా పది బంతులు. గుంతలో పడకపోయినా ఫరవాలేదు, ఏడు బంతులైనా గుంతకు మూరెడు దూరంలోపు ఆగాలి. ఆగకపోతే నిజామాబాద్‌లో చీరల షోరూం ఉండనే ఉంది. నిరోష తల్లి రేణుకమ్మ అక్కడ మాట్లాడి పెట్టింది కూడా. చీరలు మడతపెట్టడం తప్పుపని కాదు. కానీ బంతిని రెండువందల గజాలు పంపే చేతులు పొద్దంతా చీరలు మడతపెడుతుంటే చూడటం ఆత్మారాం వల్ల కాదు.

ఆత్మారాం అరవై దాటిన మనిషి. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ ఆఫీసర్ల గోల్ఫ్ సంచీలు మోసిన క్యాడీ. వాళ్లు ఆడి అలసిపోయాక మిగిలిన పాత బంతులతో తానూ ఆడాడు. ఆడి ఆడి వాళ్లలో చాలామందిని మించిపోయాడు. ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆఫీసర్లు పోయారు, మైదానం ముళ్లకంపల పాలైంది. ఆరు గుంతలున్న జాగా మాత్రం ఈయన జీతం లేకుండానే కాపలా కాసి బతికించుకున్నాడు. మనిషి మంచివాడే. కాకపోతే కాస్త కోతలు కోసే గుణం ఉంది. హైదరాబాద్‌లో పెద్ద గోల్ఫ్ క్లబ్బులో ఫలానా సారుతో పోటీపడి ఆడానని, పచ్చటి గడ్డి గ్రీన్ మీద ముప్పై అడుగుల నుంచి బంతి గుంతలో వేశానని హోటల్ దగ్గర ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు.

బోధన్ మైదానంలో గడ్డి గ్రీన్లు లేవు. ఇసుకలో నూనె కలిపి, చదును చేసిన గుండ్రటి జాగాలున్నాయి. వాటిని బ్రౌన్లంటారు. బంతి కొట్టే ముందు గుంత దాకా ఇసుకను పలకతో లాగి దారి చేసుకోవడం అక్కడి పద్ధతి. ఆ ఇసుక బంతిని పట్టుకుంటుంది. మెల్లగా కొడితే సగంలోనే కూలబడుతుంది. అందుకే ఆత్మారాం ఆరేళ్లుగా నిరోషకు నూరిపోసింది ఒక్కటే మాట. "గుద్దు బిడ్డా! భయపడకు, గుద్దు!" హైదరాబాద్ పోయేముందు ఇంకో మాట కూడా చెప్పాడు. "గడ్డి మీద ఇసుకల కొట్టినదాంట్ల సగం కొట్టాలె. నేను గట్లనే కొట్టిన."

ఆ సగం లెక్కతోనే నిరోష ఎనిమిది బంతులు పోగొట్టుకుంది.

"ఫికర్ చెయ్యకు. ఇంకా ఇరవై రోజులున్నయ్ గదా," అన్నాడు ఆత్మారాం. మరునాడే టెంట్ హౌస్ భూమేష్ దగ్గరికి పోయి, పెళ్లిళ్లకు పరిచే పచ్చ పట్టాలు రెండు అడిగాడు. పెళ్లిళ్లు లేని రోజులు కాబట్టి పక్కనే ఉన్న ఫంక్షన్ హాల్ ఖాళీగానే ఉంది. బండల మీద పట్టా పరిచి, ఒక చివర సున్నంతో గుంతంత సున్నా గీశారు. ఆ పట్టా మీద ఎందరు కూర్చొని భోంచేశారో, పసుపు మరకలు అక్కడక్కడా పోనేలేదు. నిరోష పట్టర్ పట్టుకొని నిలబడింది. చివరి చిన్నదెబ్బకు వాడే కర్ర అది.

"సగం కాదు, పావు కొట్టు," అన్నాడు ఆత్మారాం.

"నువ్వు కొట్టినప్పుడు సగమంటివి గదా?"

"గది… ఆ గడ్డి వేరు బిడ్డా. ఇప్పుడు గడ్డి జర సన్నగ కోస్తుండ్రట."

నోటికొచ్చింది అనేశాడు. నిరోష నమ్మేసింది. పావు కొట్టబోయి, కర్ర బంతిని తాకే క్షణంలో చెయ్యి బిగపట్టేది. ఒకటి పోయి గోడకు తగిలేది, ఇంకొకటి నాలుగడుగులు కూడా కదిలేది కాదు. వారం గడిచింది. మొదటి రోజు కంటే అధ్వాన్నంగా తయారైంది. ఆత్మారాం మాత్రం రోజుకో కొత్త లెక్క చెప్పేవాడు. మూడో వంతన్నాడు, ముంజేతితో కొట్టమన్నాడు, ఊపిరి బిగబట్టమన్నాడు. ఏది అడిగినా ఆయన దగ్గర జవాబుండేది, ఒక్కటీ పనికొచ్చేది కాదు.

ఎనిమిదో రోజు నిరోష పట్టర్ పక్కన పెట్టి, పట్టా మీద కూలబడింది.

"నీదేం తప్పులేదు కాకా. నువ్వు సరిగనే చెప్తున్నవ్. గడ్డి మీద ఆడినోనివి, నీకు ఎర్కలేదా? నా చెయ్యే మంచిది కాదు. నాతోని కాదు గిది."

ఆ మాట ఆత్మారాం గుండెలో దిగబడింది. కోపగించుకుంటే భరించేవాడు. తన అబద్ధాన్ని పిల్ల తన చేతి తప్పుగా మోసుకుంటుంటే తట్టుకోలేకపోయాడు. హాలంతా ఖాళీ. పక్క గదిలో ఎవరో గంగాళాలు తోముతున్నారు. ఆయన వచ్చి పట్టా అంచున కూర్చున్నాడు.

"బిడ్డా, నేను గడ్డి గ్రీన్ మీద ఎన్నడు ఆడలే."

నిరోష తలెత్తింది.

"హైదరాబాద్ పోయింది నిజమే. సారు సంచి మోసుకుంట పోయిన. బయటి క్యాడీలను లోపటికి రానియ్యమని గేటుకాడనే ఆపిండ్రు. పొద్దుమూకే దాక డ్రైవర్‌తోని జీపుల కూసున్న. గోడ మీదికెల్లి పచ్చగ కనపడ్డది, గంతే. వాపస్ వచ్చినంక అందరు అడిగితే… ఆడిన అని చెప్పిన. సగమనేది నేను మనసుల అనుకున్న లెక్క. నీ చెయ్యి మంచిదే. నా మాటనే ఖరాబు."

నిరోష బంతులు ఒక్కొక్కటే ఏరి సంచీలో వేసుకుంది. చెప్పులు తొడుక్కొని వెళ్లిపోయింది. ఆత్మారాం ఒక్కడే పట్టాలు చుట్టి గోడకు నిలబెట్టాడు.

ఆ రాత్రి ఆయనకు కంటిమీద కునుకు లేదు. పద్నాలుగేళ్ల పిల్లగా నిరోష మొదటిసారి మైదానానికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. బర్రెకు గడ్డి కోసుకోవడానికి వచ్చి, కర్ర ఇస్తే భయంభయంగా పట్టుకుంది. బ్రౌన్ మీద బంతిని మెత్తగా వదిలింది. అది మెల్లమెల్లగా పోయి, గుంతకు జానెడు దూరంలో చక్కగా ఆగింది. "గట్ల కాదు, గుద్దాలె!" అని గద్దించింది తానే. పిల్ల చేతిలో పుట్టుకతో ఉన్నదాన్ని ఆరేళ్లు కూర్చొని పోగొట్టింది కూడా తానే. దాన్ని తలుచుకుంటే సిగ్గు కంటే ఎక్కువగా భయమే వేసింది.

రెండు రోజులు నిరోష రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆత్మారాం ఆ పిల్ల వాళ్ల వైపు చెరుకు చేలకు పోయాడు. నిరోష తండ్రి ముత్తన్న నీరడి. నిజాంసాగర్ కాలువ నీళ్లు వంతుల ప్రకారం ఎవరి చేనుకు ఎంత పారాలో చూసి పారించేది ఆయనే. ఆ వేళ బ్రహ్మానందం అనే రైతు చేనుకు వంతు నడుస్తోంది. ముత్తన్నకు మోకాళ్ల నొప్పులు కావడంతో బిడ్డ పార పట్టుకుంది. మోకాలి దాకా బురద. ఆత్మారాంను చూసి కూడా పలకరించలేదు.

"కూసో ఆత్మారామన్నా," అన్నాడు ముత్తన్న. ఇంట్లో ఆ పిల్ల ఏమీ చెప్పినట్టు లేదు.

నీళ్లు సాలులో పాకుతున్నాయి. చివర ఇంకా దూరంగానే ఉంది, మూడో వంతు తడవాల్సి ఉంది. ముత్తన్న చెరుకుల మధ్య చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసి, బిడ్డకు కేక పెట్టాడు. "ముయ్యి!" నిరోష పారతో మట్టి వేసి, నీళ్లు వదిలే మడవ కట్టేసింది.

"కొనకు ముట్టనే లేదు గదా ముత్తన్నా?" అన్నాడు ఆత్మారాం.

"ఇడిసిన నీళ్లు నడుస్తయ్ గదనే. కొనకు ముట్టినంక మూస్తే కట్ట దెంపుకొని పక్క చేన్ల పడ్తయ్. అవి యాడ ఆగాల్నో ముందుగాల అనుకోని, గంతకు ఇడవాలె. కడమది నేల సూస్కుంటది."

"మరి గింతకే మూయాలని ఎట్ల తెలుస్తది?"

"కాళ్లకు తెలుస్తది. ఎండిన నేలైతే తాగుతది, జర ఆగి మూస్తం. తడి నేలైతే జారుతది, ముందుగాలనే మూస్తం. తొక్కి సూడకుంట నేనేం చెప్త?"

ఆత్మారాం సాలు వైపే చూస్తుండిపోయాడు. మూసేసిన నీళ్లు తమంతట తాము పారి, నెమ్మదించి, చివరి చెరుకు మొదట్లో ఆగాయి. నిరోష కూడా పార మీద చేతులాన్చి ఆ చివరే చూస్తోంది. చిన్నప్పటి నుంచి విన్న మాటలే. ఈ ఆటకూ వాటికీ సంబంధం ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. ఎవరూ అనుకోనివ్వలేదు.

ఆమె గట్టెక్కి వచ్చి ఆత్మారాం ముందు నిలబడింది.

"రేపు పొద్దుగాల హాలు తెరిపియ్యి కాకా. వస్త. కని నువ్వు నాకేం చెప్పొద్దు. బంతి యాడ ఆగిందో, గంతే చెప్పు. ఉన్నది ఉన్నట్టు."

"గట్లనే బిడ్డా."

మరునాటి నుంచి పని తీరే మారిపోయింది. గడ్డి మీద నిలబడి వచ్చింది ఆమె ఒక్కతే కాబట్టి పట్టా ఎలా పరచాలో ఆమే చెప్పింది. ఒక పట్టా మరీ జారుతోందని, కింద ఇంకోటి వేయించింది. సున్నంతో గీసిన సున్నా తుడిపేసి, బంతి ఎక్కడ ఆగాలో ప్రతిసారీ తానే అనుకునేది. ముందు చెప్పులు విడిచి బంతి నుంచి ఆ చివరి దాకా నడిచేది. బంతి ఆగాల్సిన చోట కాసేపు నిలబడేది. తిరిగి వచ్చి, ఆ చోటునే చూస్తూ పట్టర్‌ను రెండుసార్లు గాలిలో ఊపి, అదే ఊపుతో బంతిని వదిలేది. వదిలిన వెంటనే కళ్లు మూసుకొని చెప్పేది.

"చేరలే. రెండడుగులు తక్కువ."

ఆత్మారాం టేపుతో కొలిచేవాడు. "అడుగున్నర తక్కువ."

"దాటింది."

"దాటింది. మూడడుగులు."

అంతకుమించి ఒక్క మాట లేదు. నాలుక చివరిదాకా వచ్చిన సలహాలను ఆయన మింగేసేవాడు. ఒక్కోసారి మింగుడుపడేవి కావు. బంతులు ఏరి తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టేవాడు, పాత క్యాడీలాగా. రోజుకు మూడు వందల బంతులు. ఆమె కళ్లు మూసుకొని చెప్పే లెక్కకు, టేపు చూపే లెక్కకు మధ్య దూరం మెల్లగా తగ్గింది. ఆఖరి రోజు నాటికి అరచెయ్యి వెడల్పు కూడా తేడా లేదు. ఆ ఎనిమిది రోజుల్లో నిరోష ఆయనతో ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆయనా నవ్వించే ప్రయత్నం చేయలేదు.

పరీక్ష రోజు ఆయన మైదానం వదిలి ఎక్కడికీ పోలేదు. అన్నం కూడా సయించలేదు. మూడు గంటలకు ఫోన్ మోగింది.

"ఎనిమిది ఆగినయ్ కాకా. తీసుకున్నరు."

ఆత్మారాం ఉన్నచోటే ఇసుకలో కూర్చుండిపోయాడు. కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. "సల్లగుండు బిడ్డా, సల్లగుండు," అన్నాడు.

"పెద్ద కోచ్ సారు పిలిచి అడిగిండు. దూరాన్ని గింత మంచిగ అంచనా కడ్తున్నవ్, గిది ఎవరు నేర్పిండ్రని."

ఆయన జన్మంతా ఎదురుచూసిన ప్రశ్న. అడగకూడదనుకుంటూనే అడిగాడు. "ఏమన్నవ్?"

"మా బాపు అని చెప్పిన. నీరడి ముత్తన్న అని." అంది నిరోష. "అబద్ధం చెప్పబుద్ధి కాలే కాకా."

బాధ కలిగింది. కలగలేదని చెబితే అది కూడా కోతే అవుతుంది. ఆరేళ్ల ఎండా వానా, ఏరిన బంతులూ, చేసిన కాపలా అన్నీ ఆ ఒక్క మాటతో చేజారినట్టనిపించింది. కానీ ఆమె చెప్పినదాంట్లో తప్పు వెతికితే ఒక్కటీ దొరకలేదు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. నన్నడిగినా గదే చెప్తుంటి."

ఫోన్ పెట్టేసి, ముఖం కడుక్కొని, ఆయన చెరుకు చేల వైపు నడిచాడు. చేలో ఉన్న ముత్తన్న దగ్గర ఫోన్ ఉండదు. ముందుగా ఈ కబురు ఆయనకే చేరాలి. ముత్తన్న కాలువ గట్టు మీద పూడిక తీస్తున్నాడు. సంగతి విని పార పట్టుకున్న చేతులతోనే దండం పెట్టాడు.

"నీ పుణ్యం ఆత్మారామన్నా. నేనేం నేర్పిన? ఆ ఆట ఎట్లుంటదో గూడ నాకు ఎర్కలేదు. ఊరంతా చెప్పుకుంటది, హైదరాబాద్ గడ్డి మీద ఆడినోడు గురువుగ దొరికిండని."

పదిహేను రోజుల కిందటైతే ఆత్మారాం ఆ మాటకు ఛాతీ ఉబ్బించి, ఒక కథ కూడా చెప్పేవాడు.

"పార పక్కకు పెట్టి కూసో ముత్తన్నా," అన్నాడు. "నేను ఆ గడ్డి మీద ఎన్నడు కాలు పెట్టలే. మొత్తం చెప్త, ఇను."

ముత్తన్న పార పక్కన పెట్టి గట్టు మీద కూర్చున్నాడు.