రెండున్నర సెకన్ల ఊపిరి

మేనత్తకు లోకం మీద అనుమానం ఈనాటిది కాదు. ఆవిడ టైలరు. కొలత తీసేటప్పుడు పొట్ట లోపలికి లాక్కునే మనుషుల్ని ముప్పై ఏళ్లుగా చూస్తోంది కాబట్టి, నోరు చెప్పేది వేరు, టేపు చెప్పేది వేరు అని ఆవిడకు గట్టి నమ్మకం. ఆ రోజు కూడా నోట్లో గుండుసూదులు పెట్టుకునే మేనకోడలి గోడంతా వింది. విని, సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి తీర్పు చెప్పింది.

"మీ గైడు నీ పని కొట్టేసే ఉద్దేశంలో ఉన్నాడే."

"ఊరుకో అత్తా. ఆయనకేం ఖర్మ? అంత పేరున్న మనిషి."

"పేరున్నవాళ్లేగా కొట్టేసేది! పేరు లేనివాడు కొట్టేసి ఏం చేసుకుంటాడు? అయిదేళ్లు కసురుకున్న మనిషి నెల రోజులుగా నవ్వుతూ మాట్లాడుతున్నాడన్నావా, లేదా?"

మేనకోడలు అన్న మాట నిజమే.

ఆమె సంగీత కళాశాలలో పరిశోధన చేస్తోంది. చనిపోయి పాతికేళ్లయినా అందరూ ఇంకా పెద్దాయన అనే పిలిచే ఒక స్వరకర్త మీద. ఆయన వయొలిన్ కూడా వాయించేవాడు. ఆయన రచనల్లో అన్నిటికంటే పేరొచ్చినదానిలో, సగం దాటాక ఒక చోట వయొలిన్ ఆగిపోతుంది. అచ్చు పుస్తకంలో అక్కడ ఆగమని ఏ గుర్తూ లేదు. అయినా పెద్దాయన ఆగేవాడు, రెండున్నర సెకన్లు. ఎందుకు ఆగేవాడో కనిపెట్టి చెప్పిన ఘనుడు ఈ గైడే. పెద్దాయన తండ్రి రేవులో తాడు లాగే కూలీ. కూలీలు పాడుకుంటూ ఒక్కుమ్మడిగా తాడు లాగి, ఆగి, ఊపిరి తీసుకునేవారు. ఆ ఊపిరే కొడుకు సంగీతంలోకి వచ్చిందని గైడు సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీద రాసిన పుస్తకం పాఠ్యపుస్తకమై కూర్చుంది. ఇప్పుడా కళాశాలలో ఆ చోట కళ్లు మూసుకుని ఆగని విద్యార్థికి మార్కులు రాలవు. వరండాలో నడుస్తుంటే ఏదో ఒక గదిలోంచి "ఊపిరి! ఊపిరేదీ?" అని మాస్టర్ల కేకలు వినబడుతూనే ఉంటాయి.

మేనకోడలి పని ఆ ఊపిరిని కొలవడం. పెద్దాయన వాయించిన కచేరీల టేపులు పదకొండు పెట్టుకుని, స్టాప్‌వాచ్ పట్టుకుని, రేవు పాటల టేపులతో పోల్చి చూసి, అరవై రెండు పేజీల మూడో అధ్యాయం రాసింది. కళాశాలలో ఆమెకు స్టాప్‌వాచ్ అనే పేరే స్థిరపడిపోయింది. ఇంకో తొమ్మిది రోజుల్లో థీసిస్ ఇచ్చేయాలి. ఇస్తేనే ఖాళీ అయిన లెక్చరరు పోస్టుకు ఆమె పేరు పరిశీలిస్తారు. ఆ పోస్టు మళ్లీ ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పగల మొనగాడు లేడు.

చిక్కల్లా ఆ పదకొండులో ఏడో టేపుతో వచ్చింది. పది టేపుల్లో ఊపిరి ఉంది, ఏడోదాంట్లో లేదు. పెద్దాయన ఆ చోటు మీదుగా ఆగకుండా సాఫీగా వెళ్లిపోయాడు. మేనకోడలు ఆ సంగతి నిజాయితీగా ఫుట్‌నోట్‌లో రాసింది. గైడు దాన్ని పెన్సిల్‌తో అడ్డంగా కొట్టేసి, నవ్వుతూ, "ఆ టేపు సాగిపోయిందమ్మా, లెక్కలోకి తీసుకోకు," అన్నాడు. ఇంటికొచ్చాక ఆమెకు తట్టింది. టేపు సాగితే విరామం ఇంకా సాగాలి గానీ, మాయమవుతుందా?

"చూశావా!" అంది మేనత్త, తానే టేపు కనిపెట్టినంత సంబరంగా. "ఆయన నీకు చూపించనిదేదో ఉంది. అదేంటో చూడు ముందు."

మర్నాడు మేనకోడలు లైబ్రరీకి వెళ్లి పెద్దాయన కాగితాల జాబితా తీయించింది. మొత్తం ముప్పై నాలుగు. అందులో ముప్పై మూడు ఆమె చూసినవే. ఆఖరిది "పక్కవాద్యం ప్రతి, చేతిరాత" అని ఉంది. పియానో వాయించినావిడ ముందు పెట్టుకున్న ప్రతి. వయొలిన్ మీద పరిశోధనకు దాంతో పనేముందని ఈ అయిదేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడడిగింది.

లైబ్రేరియన్ రిజిస్టరు తిరగేసి, కళ్లద్దాలు సర్దుకుని, "బయటుంది," అన్నాడు.

"ఎవరి దగ్గర?"

"మీ సార్ దగ్గరే. ఒక్కరోజుకని తీసుకెళ్లారు." తేదీ మీద వేలు పెట్టి చూపించాడు. ఇరవై రెండేళ్ల కిందటిది.

మేనకోడలి బుర్రలో లెక్కలన్నీ చకచకా కుదిరిపోయాయి. ఆ ప్రతిలో పెద్దాయన తన చేత్తో 'ఊపిరి' అని రాసే ఉంటాడు. అంతకంటే గట్టి రుజువు ఇంకేం కావాలి! గైడు దాన్ని దాచిపెట్టుకుని, ఆమె కొలతలు కూడా కలుపుకుని, రిటైరయ్యే ముందు రెండో పుస్తకం వేస్తాడన్నమాట. అందుకే ఈ నవ్వులు. అత్త తెలివి ముందు తన చదువంతా ఎందుకూ పనికిరాలేదని ఆమెకు ఒళ్లు మండింది.

రిజిస్టరులో ఆ ప్రతిని లైబ్రరీకి ఇచ్చినవారి చిరునామా ఉంది. పియానో ఆవిడే ఇచ్చింది. ఆవిడ బతికి ఉందో లేదో తెలియదు. అయినా మేనకోడలు బస్సెక్కింది.

రెండో అంతస్తులో తలుపు తీసినావిడకు ఎనభై దాటి ఉంటాయి. గదిలో సగం పియానోయే ఆక్రమించింది. దాని మీద ఉతికి మడతపెట్టిన బట్టలు, మందుల డబ్బా, ఒక గడియారం. మేనకోడలు తను ఎవరో, ఎవరి విద్యార్థినో చెప్పింది. ఆవిడ ఆమెను కిందికీ పైకీ ఒకసారి చూసింది.

"మీ మాస్టారు కూడా వచ్చాడు ఒకసారి. చాలా ఏళ్లయింది. వచ్చి, ఒక్కటే అడిగి, టీ తాగకుండానే వెళ్లిపోయాడు."

"ఏమడిగారు?"

"నువ్వడగబోయేదే అయ్యుంటుంది."

మేనకోడలు అడిగింది. పెద్దాయన ఆ చోట ఎందుకు ఆగేవారు?

ఆవిడ కిసుక్కున నవ్వింది. బట్టలు మంచం మీదికి మార్చి, పియానో మూత తీసి కూర్చుంది. "పియానోకి రెండు చేతులూ కావాలి. కాగితం తిప్పడానికి పక్కన ఇంకో మనిషి నిలబడాలి. మాకు ఆ మూడో మనిషిని తీసుకెళ్లే వీలు ఉండేది కాదు. ఆయన నాకు రాసిచ్చిన ప్రతిలో పేజీ సరిగ్గా అక్కడ అయిపోయింది. నా చేతులు రెండూ పనిలో ఉన్నాయి, తిప్పాక మళ్లీ రెండు చేతులతో అందుకోవాలి. ఏం చేయను? మొదటి కచేరీలో కాగితం కింద పడేశాను. రెండో కచేరీకి పేజీ మూలకు చిన్న గుడ్డముక్క కుట్టాను, వేలికి అందుతుందని. ఆయన అది చూసి, పెన్సిల్ తీసి కింద రాశాడు. 'నువ్వు తిప్పేదాకా ఆగుతాను' అని."

మేనకోడలు మనసులో లెక్కేసుకుంది. అరవై రెండు పేజీలు. రేవు పాటల టేపులు వినీ వినీ చెవులు హోరెత్తిన రోజులు.

"మరి ఏడో టేపు... ఒక రికార్డులో ఆయన ఆగలేదు."

"అప్పుడు నా మణికట్టు విరిగింది. ఇంకెవరో వాయించారు. వాళ్లు సొంతంగా రాసుకున్న ప్రతిలో పేజీ అక్కడ అయిపోయి ఉండదు."

"అయితే రేవు కూలీల ఊపిరి..."

"ఆ పుస్తకం చదివాను. బాగా రాశాడు," అంది ఆవిడ, పక్కింటివాళ్ల కూర బాగుందన్నట్టు. తర్వాత పియానో మీటల మీద చేతులు ఊరికే ఉంచి, గొంతు తగ్గించింది. "మూడేళ్లకే నాకది కంఠతా వచ్చేసింది. కాగితం తిప్పడం కూడా మానేశాను. అయినా ఆయన ఆగేవాడు. చివరిదాకా ఆగాడు."

"ఎందుకు?"

"అడగలేదమ్మా. అడిగితే మానేస్తాడేమోనని."

ఆవిడ టీ పెట్టడానికి లేచింది. మేనకోడలు ఏదో సాకు చెప్పి మెట్లు దిగేసింది. వీధిలోకి వచ్చాక గానీ తెలియలేదు, గైడు చేసిన పనే తనూ చేసిందని.

బస్సులో మూడో అధ్యాయం తీసి తిరగేసింది. మొత్తంలో పక్కవాద్యం అన్న మాట ఒకే ఒక్కసారి ఉంది, అదీ బ్రాకెట్లలో. ఆవిడ పేరు ఎక్కడా లేదు. గైడు పుస్తకంలోనూ లేదు. పదకొండు టేపుల్లోనూ పియానో వినిపిస్తూనే ఉంది, వీళ్లకే వినబడలేదు. ఆమెకు సిగ్గేసింది, సిగ్గుకంటే ఎక్కువగా కోపం వచ్చింది. ఆ కోపం తీసుకుని తిన్నగా గైడు గదికి వెళ్లింది.

"సార్, పక్కవాద్యం ప్రతి కావాలి."

గైడు ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఏ ప్రతి అని బుకాయించలేదు, అదొక్కటే ఆయన చేసిన మర్యాద. బీరువా అడుగు అరలోంచి గోధుమరంగు కవరు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె పేజీలు తిప్పింది. మూలన గుడ్డముక్క ఉంది, దారం వెలిసిపోయి. కింద పెన్సిల్ రాత ఆవిడ చెప్పినట్టే ఉంది.

"పుస్తకం అచ్చయిన ఏడాదికి ఇది దొరికింది," అన్నాడు గైడు. "నేనూ వాయించేవాణ్ణేగా, ఆ గుడ్డముక్క చూడగానే అర్థమైంది. అయినా ఆవిడ దగ్గరికి వెళ్లి అడిగాను, కాదంటుందేమోనన్న ఆశతో. అప్పట్నుంచి నా దగ్గర చేరిన ప్రతి విద్యార్థినీ అనుమానంగానే చూశాను. రిజిస్టరు తీస్తాడా, ఆవిణ్ణి కలుస్తాడా అని. ఎవరూ తీయలేదు. నేను రాసిందే నమ్మారు. అది చూస్తే ఇంకా భయమేసేది."

"నాతో ఎందుకు నవ్వుతూ మాట్లాడారు సార్?"

"నువ్వు ఏడో టేపు దాకా వచ్చావు."

ఆయన సొరుగులోంచి రెండు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టాడు. ఒకటి థీసిస్ సమర్పణకు, రెండోది ఇంకో ఏడాది గడువు కోరడానికి. "దేని మీద సంతకం పెట్టమంటే దాని మీద పెడతాను. మొదటిదైతే పోస్టు నీదే. ఏడో టేపు సంగతి ఎవరూ అడగరు, నేను అడగనివ్వను."

ఇరవై రెండేళ్ల పిరికితనాన్ని తెచ్చి తన ఒళ్లో పెడుతున్నాడని మేనకోడలికి తెలుసు. అయినా మొదటి కాగితం వైపే చూసింది. చాలాసేపు చూసింది. ఎంత సులువో అప్పుడు తెలిసింది. కొత్తగా అబద్ధం రాయనక్కర్లేదు, ఇప్పటికే కొట్టేసి ఉన్న ఫుట్‌నోట్‌ను అలాగే ఉంచేస్తే చాలు. ఇంతసేపూ ఆయన్ని అనుమానించిన మనిషి ఇప్పుడు తనని తాను అనుమానించుకుంది. మనసు మారే లోపలే రెండో కాగితాన్ని ఆయన ముందుకు తోసింది.

గైడు సంతకం పెట్టి, కలం మూత ఎక్కడుందో కాసేపు వెతుక్కున్నాడు. "నా పుస్తకం గురించి కూడా రాస్తావుగా?"

"రాయాలి సార్."

"రాయి. తారీఖులు సరిచూసుకో," అన్నాడు, పాత గొంతుతో, కసురుకున్నట్టే.

లైబ్రేరియన్ ఆ ప్రతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. వాపసు వచ్చినట్టు రాసుకున్నాక, మేనకోడలు దాన్ని మళ్లీ తన పేరు మీద అడిగింది. "ఒక్కరోజుకే. రేపు తెచ్చేస్తాను."

ఆయన కళ్లద్దాల మీదుగా ఆమెను చూశాడు. "మీ సార్ కూడా అదే అన్నారు."

ఆ సాయంత్రం మేనత్త సంగతంతా విని, కత్తెర పక్కన పెట్టింది. "అయితే దొంగ కాదా?"

"ఆ రకం దొంగ కాదత్తా."

"పోస్టు?"

"పోయినట్టే."

మేనత్త నోరు విప్పబోయి, పేజీ మూలనున్న గుడ్డముక్క చూసి ఆగింది. దగ్గరికి తీసుకుని కుట్టు పరీక్షించింది. "పనిమంతురాలు. ఇన్నేళ్లయినా ఊడలేదు," అంది. ఆవిడ నోట ఇంకొకరి కుట్టుకు మెప్పు రావడం మేనకోడలు పుట్టాక ఇదే మొదలు.

మర్నాడు పొద్దున రెండో అంతస్తు తలుపు మళ్లీ తెరుచుకుంది. పియానో ఆవిడ ప్రతి అందుకుంది. దాన్ని ముందు పెట్టుకుని వాయించడం మొదలుపెట్టింది. వేళ్లు కొన్నిచోట్ల తడబడ్డాయి. పేజీ చివరికి వచ్చాక ఎడమచేయి దానంతటదే గుడ్డముక్క దగ్గరికి వెళ్లింది. ఆవిడ పేజీ తిప్పింది. తిప్పాక కూడా వెంటనే అందుకోలేదు. లేని వయొలిన్ కోసం ఆగింది. మేనకోడలి చేయి అలవాటు కొద్దీ సంచిలో స్టాప్‌వాచ్ మీదికి వెళ్లి, దాన్ని వదిలేసి, నోటుపుస్తకం తీసింది.

"అమ్మా, మీ పూర్తి పేరు చెప్పండి."

"దేనికి?" ఆవిడ అనుమానంగా చూసింది.

"మూడో అధ్యాయానికి. పేరుతోనే మొదలవుతుంది."

ఆవిడ కుర్చీలో ఆమె వైపు తిరిగింది. తర్వాత, తప్పు రాస్తుందేమోనన్నట్టు ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పింది. మేనకోడలు రాసి, పైకి చదివి వినిపించి, సరేననిపించుకుని, ఆవిడ పెట్టిన టీ తాగే లేచింది.