ఆర్పిన కర్పూరం

పెనుకొండ కోర్టు మెట్లు అశ్వత్థప్ప చేతులు ఆనించి ఎక్కాడు. లాఠీ దెబ్బలకు అరికాళ్ళు పొంగిపోయాయి. ధర్మవరంలో పగలంతా మగ్గం తొక్కే కాళ్ళు అవి.

"చేయని తప్పు ఒప్పుకోవద్దయ్యా. రేపు దీన్ని దొంగబిడ్డ అంటారు," అంది భార్య పుష్పావతి, చంకలోని విమలను చూపించి. పోలీసులు ఆమెను వరండాలోకి నెట్టేశారు.

షావుకారు ఇంట్లో జరీ పోయింది. ఆ రోజు అక్కడికి వెళ్ళిన నేతగాడు అశ్వత్థప్ప ఒక్కడే. ఠాణాకు ఇంకో రుజువు అక్కర్లేకపోయింది. దెబ్బలు తాళలేక అతను ఒప్పుకున్నాడు. ఠాణాలో ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని హెడ్డు కానిస్టేబులుకు బాగా తెలుసు. అందుకే లాఠీ పక్కన పెట్టి, తమలపాకు మీద కర్పూరం వెలిగించాడు.

"మేజిస్ట్రేటు ముందర గూడా ఇదే చెప్తానని, బిడ్డ పేరు మింద ఆర్పప్పా. మాట తప్పితే దానికే తగుల్తాది."

అశ్వత్థప్ప విమల పేరు చెప్పి అరచేత్తో ఆర్పాడు. అప్పట్నుంచి ఆ వాసన అతణ్ణి వదల్లేదు. తాగే నీళ్ళలో అదే వాసన. కళ్ళు మూస్తే మగ్గం గుంటలో విమల కదలకుండా పడి ఉండేది.

మేజిస్ట్రేటు పోలీసులను బయటికి పంపి తలుపు వేయించాడు.

"నువ్వు ఏదీ చెప్పాలని లేదు. చెప్తే అది నీమీదే సాక్ష్యమవుతుంది. నిన్ను బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు."

రాజ్యాంగం వచ్చి ఎనిమిదేళ్ళయినా ఈ మాట అశ్వత్థప్పతో అన్న మొదటి మనిషి ఇతనే.

"చెప్పకుంటే మళ్ళా ఆడికే పంపుతారా సామీ?"

"పంపను. సబ్ జైలుకు పంపుతాను."

"బిడ్డ మింద కర్పూరం ఆర్పించినారు సామీ."

"అలాంటి ఒట్టు చట్టం దృష్టిలో చెల్లదు," అన్నాడు మేజిస్ట్రేటు.

చట్టం దగ్గర చెల్లకపోవచ్చు. దేవుడి దగ్గర? మాట తప్పితే బిడ్డ దక్కదు, నిలబెట్టుకుంటే దొంగబిడ్డగా బతకాలి. ఏ దేవుడైనా హెడ్డు వెలిగించిన కర్పూరాన్ని లెక్కలోకి తీసుకుంటాడా? అశ్వత్థప్పకు మొదటిసారి కోపం వచ్చింది.

"నేను తీయలేదు సామీ. ఇంగేమీ చెప్పను."

మేజిస్ట్రేటు రాసుకుంటున్నాడు. అశ్వత్థప్ప చూపు కిటికీలోంచి వరండాలోకి పోయింది. తల్లి ఒళ్ళో విమల కదలకుండా పడుకుని ఉంది. నిద్రే అయివుంటుంది. అతను ఊపిరి బిగబట్టి, ఆ చిన్న పొట్ట ఒక్కసారి పైకి లేస్తుందేమోనని చూస్తూ నిలబడ్డాడు.