చేదతాడు

కండెలు చుడుతుంటే పట్టుదారం అంజనమ్మ అరచేతికి మళ్లీ చిక్కుకుంది. మెల్లగా విడదీయబోతే తెగింది. మగ్గం గుంతలో కూర్చున్న చిన్నస్వామి తల ఎత్తకుండానే అన్నాడు: "పట్టు ముట్టే చేతులేనా అవి? పార పట్టినోళ్ల చేతుల మాదిరి ఉండాయి."

ఆ చేతులు అట్లా ఎందుకయ్యాయో మొగుడికి తెలియకపోతే కదా! పది రోజుల క్రితం ధర్మవరంలో భూమి అదిరింది. వీళ్ల వీధిలో మిద్దెలు బీటలతో సరిపెట్టుకున్నాయి గానీ, మాలవాడలో ఒక్క మట్టిగోడ నిలవలేదు. వాళ్ల బావి ఒర కూలి పూడిపోయింది. నాలుగేళ్ల నాడు బీహారు భూకంపమప్పుడు పత్రికలో దాతల పేర్లు ఇంటిల్లిపాదికీ గట్టిగా చదివి వినిపించిన మనిషి చిన్నస్వామి. తన వంతు రాగానే పడుగులు సాచే పెరటి బయలు వాళ్లకు వదిలేశాడు. వెదుళ్లు, బోదగడ్డి, ఈతచాపలు తెప్పించి పదహారు గుడిసెలు లేపించాడు. "నీళ్లకు యాడికీ పోవద్దండి, మా బావి ఉండాది" అని నలుగురిలో నిలబడి చెప్పాడు. అంజనమ్మకు ఆ క్షణాన మొగుడంటే గర్వమేసింది, అబద్ధమెందుకు?

అసలు సంగతి ఇంటికొచ్చాక అత్త చెప్పింది. "వాళ్లు తాడు ముట్టగూడదు, చేద ముట్టగూడదు. నువ్వే చేది పొయ్యాల. ఎత్తు నుంచి పొయ్యి, కడవకు తగలనీకు."

అదీ సంగతి. దానం ఆయనది, చేదడం ఈవిడది. పదహారు ఇళ్లకూ పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దుగూకే దాకా. మధ్యలో వంట, ఆ మధ్యలో కండెలు. మూడో రోజుకు అరచేతుల్లో బొబ్బలు లేచాయి, అయిదో రోజుకు చితికాయి. ఇంత వెన్న రాసుకుంటే, "పట్టుకు జిడ్డంటుతాది" అని అత్త కసిరింది. బావి దగ్గరికి ఒక్కపూట మొగుడు రావచ్చు కదా అన్న మాట నాలిక చివరి దాకా వచ్చి ఆగింది. మగవాడు చేద పట్టుకుంటే ఎంత నామోషీ!

నాలుగు రోజుల క్రితం పెనుకొండ నుంచి పెద్దమనుషులు గుడిసెలు చూడటానికి వచ్చారు. అప్పుడు బావి దగ్గర వరసలో అందరికన్నా ముందు యల్లక్క నిలబడి ఉంది, చంకలో మూడేళ్ల కూతురితో. "పాపకు దప్పికమ్మా, ఒక్క చేద పొయ్యి" అంది. అంజనమ్మ తాడు అందుకోబోతుంటే లోపలి నుంచి చిన్నస్వామి కేక: "ఏమే, యాడుండావు? పెద్దోళ్లు కూసోనుండారు, ఆకులెయ్యి!"

"ఇప్పుడే వస్తా" అని యల్లక్కతో చెప్పి వెళ్లింది. వడ్డించింది. ఎంగిలాకులెత్తింది. వచ్చినవాళ్లు మొగుడి మంచితనాన్ని పొగుడుతుంటే తలుపు చాటున నిలబడి మజ్జిగ అందించింది. రెండు గంటలు పట్టింది. బావి నిండా నీళ్లు, గిలకకు తాడు, చుట్టూ చేవ ఉన్న ఆడవాళ్లు పాతికమంది. ఒక్కరూ ముట్టలేదు. ఆమె తిరిగొచ్చేసరికి యల్లక్క లేదు, పాప ఏడుపు ఆపలేక వంకలో మురుగునీళ్లు తాగించింది. మర్నాటి నుంచి వాంతులు, భేదులు. నిన్న సాయంత్రం పాప చచ్చిపోయింది.

నేనే చంపాను, అనుకుంది అంజనమ్మ. రాత్రంతా అదే అనుకుంది. తెల్లవారాక మాత్రం ఇంకో మాట తోచింది. నేను చెయ్యి తీశాను, నిజమే. ఇంకో చెయ్యి పడకుండా చేసిందెవరు?

ఇప్పుడు తెగిన పోగును ముడి వెయ్యకుండా కండె కింద పెట్టి లేచింది. బావి దగ్గర వరస చివర యల్లక్క ఉంది. బిడ్డ పోయినా ఇంట్లో ముసలి అత్తకు నీళ్లు కావాలి కదా. అంజనమ్మ ఆమెను ముందుకు పిలిచి తాడు చేతికివ్వబోయింది.

"నువ్వే చేదు."

యల్లక్క చేతులు వెనక్కి లాక్కుంది. "వద్దమ్మా. మమ్మల్ని గుడిసెల్లో నుంచి తరుముతారు."

"నేనే పట్టించినానని చెప్తా. తరిమితే నన్నూ తరమనీ."

యల్లక్క ఆమె మొహంలోకి చూసింది. "ఈ మాట ఆ పొద్దే చెప్పింటే నా బిడ్డ బతికేది గదమ్మా."

అంజనమ్మ "అవును" అంది.

యల్లక్క తాడు పట్టుకుంది. గిలక కిర్రుమన్న చప్పుడుకు అత్త బయటికొచ్చి కెవ్వుమంది. చిన్నస్వామి మగ్గం వదిలి పరుగెత్తుకొచ్చాడు.

"బావిని మైల చేస్తివి గదే! ఇంగ ఈ నీళ్లు మనింట్లో ఎవురు తాగుతారే?"

అంజనమ్మ యల్లక్క ముందు వంగి దోసిలి పట్టింది. ఇన్ని రోజులూ తాగడానికి తన ముందు వాళ్లు పట్టింది అట్లాగే. యల్లక్క చేద వంచింది. చితికిన అరచేతులు భగ్గుమన్నాయి. అంజనమ్మ కడుపు నిండా తాగి, మూతి తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది.

"నేను" అంది.