మా మామ ఫోను ఎత్తని రోజు

మా మామ ఏసయ్య, అంటే మా ఆయన తండ్రి, బొగ్గుబాయిలో హాలేజీ నడిపి రిటైరయ్యాడు. లోపలి నుంచి బొగ్గు టబ్బుల్ని ఇనుప తాడుతో పైకి లాగే యంత్రం అది. కింద టబ్బుల దగ్గర ఉన్న మనిషికీ, పైన యంత్రం దగ్గర ఉన్న మామకూ మధ్య ఒక గంట, ఒక ఫోను ఉండేవి. అవి మోగినప్పుడు ఆలస్యం చేస్తే కింద ఎవరి కాలో నలుగుతుంది. ఉద్యోగం అయిపోయినా ఆ భయం ఆయన్ని వదల్లేదు. గోదావరిఖనిలోని మా క్వార్టర్లో ముందు గదిలో ఫోను పక్కనే కుర్చీ వేసుకున్నాడు. రెండో రింగు వినపడనిచ్చేవాడు కాదు. స్నానం చేస్తూ సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చి ఎత్తిన రోజులు కూడా ఉన్నాయి.

ఆ ఫోను మా ఒక్కరిదే కాదు. మా క్వార్టర్ల వరసలో ఫోను లేని ఇళ్లవాళ్లంతా పీపీ, అంటే పక్కింటి ఫోను, అని రాసి మా నంబరే ఇచ్చేవాళ్లు. వాళ్లకు ఫోనొస్తే మామ గోడ మీద నుంచి కేకేసి పిలిచేవాడు. పక్కింటి పూలమ్మక్క తమ్ముడు అంజి దుబాయి నుంచి చేసేదీ మా ఫోనుకే. ఏ దేశం పోయినా మా దగ్గర దుబాయి పోయిండనే అంటారు. తల్లి పోయాక అంజిని పూలమ్మక్కే పెంచింది. తమ్ముడని పేరే గానీ కొడుకు కంటే ఎక్కువ.

ఇక కంప్యూటర్ సంగతి. నేనొక చిన్న ప్రైవేటు బడిలో కంప్యూటర్లు చెబుతాను. బడిలో కొత్తవి కొన్నప్పుడు అన్నిటికంటే ముసలిదాన్ని పాత సామాన్లవాడికి వేయబోతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. ఫోను లైను మీద నెట్ కలిపే దాని మోడెమ్ డబ్బాతో సహా రిక్షాలో వేసుకొచ్చాను. "ఇల్లా, తుక్కు దుకాణమా?" అన్నాడు మా ఆయన యేసుబాబు. నేను వారం రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టాను. మెయిలు చూడాల్సి వస్తే చౌరస్తాలో నెట్ సెంటర్ ఉండనే ఉంది.

రెండు వేల నాలుగులో ఒక బందు రోజు. పొద్దున్నే పూలమ్మక్క మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. చేతిలో కందిపప్పు చాట అట్లాగే ఉంది.

"లిల్లీ, టీవీల చూసినవా? దుబాయిల క్యాంపు కాలిపోయిందట. మనోళ్లు గూడ పోయిన్రట."

వార్తల్లో చెప్పిన ఊరు అంజి పనివాళ్ల క్యాంపులో ఉండే ఊరే. ఏ క్యాంపో చెప్పలేదు, పేర్లూ చెప్పలేదు. మా ఫోనుకు విదేశాలకు చేసే సౌకర్యం లేదు. ఎస్‌టీడీ బూతులకు షట్టర్లు దించారు. నెట్ సెంటర్ మాత్రం ఎందుకు తెరుస్తారు? మా ఆయన బాయిలో నీళ్లు తోడే పంపు డ్యూటీకి పోయాడు. బందున్నా బాయిలో నీళ్లు ఊరడం ఆగదు కదా.

అంజి క్యాంపు ఆఫీసులో చాయ్ పోసే సదయ్య అనే అతను అప్పుడప్పుడూ అంజి తరఫున నాకు మెయిలు పెట్టేవాడు. ఏదన్నా తెలిస్తే అక్కడి నుంచే తెలియాలి. నేను పూలకుండీ తీసి కింద పెట్టాను.

"అక్కా, కూసో. ఈ డబ్బాతోటి చూస్త," అన్నాను. మాట అయితే అనేశాను గానీ నాకే నమ్మకం లేదు.

గుడ్డ తీస్తే లోపల బొగ్గు దుమ్ము. తుడిచి, వైర్లు బిగించి, ముందు గదిలోని ఫోను లైను నుంచి ఇంకో వైరు లాగి లోపలి గదిలోని మోడెమ్‌కు కలిపాను. వేరే ఖాతా ఏమీ లేకుండా, ఖర్చు ఫోను బిల్లులోనే పడేట్టు నెట్ కలిసే నంబరు ఒకటుండేది. కంప్యూటర్ లేవడానికే చాలాసేపు పట్టింది. నంబరు కొట్టాను. మోడెమ్ టకటకమంది, తర్వాత సన్నగా కూత పెట్టింది. పూలమ్మక్క చాట గుండెకు హత్తుకుంది. కూత గరగరగా మారుతుండగా ఠక్కున ఆగిపోయింది.

మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే. మూడోసారి కోపంతో బల్ల మీద గుద్దాను. అప్పుడు ముందు గదిలోంచి మామ గొంతు వినపడింది.

"హలో, హలో. ఏసయ్యను మాట్లాడుతున్న. ఎవలు బిడ్డా? గట్ల ఒర్రుతున్నవేంది? దెబ్బ తాకిందా?"

మోడెమ్ నంబరు తిప్పినప్పుడల్లా అదే లైను మీదున్న ఫోను టింగుటింగుమంటోంది. మా మామ ఊరుకుంటాడా? అది మోగడం, ఆయన ఎత్తడం, ఇక్కడ లైను తెగడం. ఆ మోడెమ్ కూత విని, కింద ఎవరికో దెబ్బ తగిలి ఏడుస్తున్నారని ఆయన చెమటలు పట్టి కూర్చున్నాడు.

"మామా, మీకు దండం పెడ్త, ఫోను ఎత్తకుండ్రి."

"మోగితె ఎత్తకుంటె ఎట్ల బిడ్డా?"

"అది మోగుడు కాదు. అంజి సంగతి తెల్వాలంటె మీరు ఎత్తద్దు. నేను చెప్పేదాంక ముట్టద్దు."

అంజి పేరు వినగానే ఆయన మొహం మారింది. భుజం మీది తువ్వాల తీసి ఫోనుకు చుట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ మనిషిని అట్లా చూస్తే నాకు నవ్వూ వచ్చింది, పాపమూ అనిపించింది.

ఈసారి ఫోను టింగుటింగుమన్నప్పుడు తలుపు సందులోంచి చూశాను. మామ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మోడెమ్ కూసింది, గరగరమంది, గొంతు మార్చింది, చివరికి నిశ్శబ్దమైంది. ఎర్ర దీపాలు వెలిగి అట్లాగే నిలిచాయి.

కలిసింది. కానీ పేజీ ఒక్కో గీతా దిగుతూ వస్తోంది. సగంలో తెగింది. మళ్లీ కలిపాను, మళ్లీ తెగింది. మధ్యాహ్నం దాటిపోయింది. ఎవరం అన్నం తినలేదు. పూలమ్మక్క ఏడవడం కూడా మానేసి, ఆ తెరనే చూస్తూ కూర్చుంది. మామ కుర్చీలోంచి లేవలేదు.

చివరికి మెయిలు తెరుచుకుంది. పైన సదయ్య పేరు. నొక్కాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు అది. గట్టిగా చదివాను.

"అంజి మంచిగున్నడు. కాలింది మా క్యాంపు కాదు, అవుతలి క్యాంపు. పొద్దటి సంది మీ నంబరుకు చేస్తున్నం, ఎంగేజ్ వస్తున్నది. ఫోను సక్కగ పెట్టుండ్రి."

పూలమ్మక్క నా చేయి పట్టుకుని, "ఇంకోపాలి సదువు," అంది. ఇంకోసారి చదివాను. అప్పటికి గానీ ఆ ఎంగేజ్ ఎవరి వల్లో నా బుర్రకెక్కలేదు. లేచి వైరు పీకేశాను.

ముగ్గురం ఫోను చుట్టూ చేరాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత తువ్వాల లోపలి నుంచి మోగింది, ఈసారి పూర్తి రింగు. రెండోది మోగింది. మూడోది కూడా మోగింది. మామ చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి. నా వైపు చూశాడు.

"ఎత్తాలెనా, బిడ్డా?"

నేను తలూపాను. ఆయన తువ్వాలతో సహా ఫోను ఎత్తి, ఎన్నడూ లేనిది ఒక్క మాటైనా అనకుండా పూలమ్మక్క చెవి దగ్గర పెట్టాడు.

"తిన్నవా, తమ్మీ?" అంది పూలమ్మక్క. అంతే, కూలబడి ఏడ్చింది. మామ ఆమె పక్కనే వంగి, ఫోను చెవికి ఆనించి పట్టుకునే ఉన్నాడు.

పెట్టేశాక కళ్లు తుడుచుకుంటూ తమ్ముడన్న మాట చెప్పింది. "సదయ్య ఎంగేజ్ అని పరేషాన్ అయిండట. అంజి మాత్రం గట్ల కాలేదట. ఫోను కలుస్తలేదంటె మా అక్క నా కోసమే ఆడ తిప్పలు పడుతున్నదని సంబురపడ్డడట."

డబ్బా జోలికి పోకపోతే పొద్దున్నే ఫోనొచ్చేది కదా అని మా ఆయన ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. అననీ. అంజి అన్న ఆ మాట కోసమైనా ఆ ముసలి డబ్బాకు నేను రుణపడి ఉన్నాను.

ఆ సాయంత్రం మా ఇంట్లో ప్రార్థనకు పూలమ్మక్క కూడా వచ్చి, కొంగు తల మీద కప్పుకుని కూర్చుంది. మామ కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, పిలగాన్ని కాపాడినవు, నీకు స్తోత్రం. కోడలు తెచ్చిన డబ్బా పని చేసింది, దానికి స్తోత్రం. అవుతలి క్యాంపుల పోయినోళ్ల ఇండ్లల్ల కూడ ఫోన్లు మోగుతయి, ఎత్తేటోళ్ల చేతులకు నువ్వే బలమియ్యి."

ప్రార్థన ఇంకా అయిపోలేదు. పూలమ్మక్క అప్పుడే ఆమెన్ అనేసింది.