ఓయివా నోటి పొగమంచు

ఆదివారం పన్నెండు కాకముందే ఓయివా హక్కరైనెన్ నాలుగు పనులు ముగించుకునేవాడు. ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకోవడం, రై పిండి రొట్టె కడుపులో చేపలు కుక్కి కాల్చిన కలకుక్కో ఒక పెద్ద ముక్క కోసుకోవడం, కంప్యూటర్ బల్ల మీద రెండు తువ్వాళ్ళు పరవడం, సరస్సు వైపు కిటికీ బార్లా తెరవడం. అదయ్యాక హెడ్‌ఫోన్లు తగిలించుకుని యుద్ధానికి బయల్దేరేవాడు.

యుద్ధమంటే కుర్చీలోంచి లేవనక్కర్లేని యుద్ధమే. అయిదు ఊళ్ళలో ఎనిమిది మంది, అందరి తెరల మీదా ఒకటే అడవి, ఒకటే శత్రువు. ఆ ఆటలో ఒక్క తూటా తగిలితే ఆ ఆదివారానికి పోయినట్టే. మళ్ళీ పుట్టడాలు ఉండవు. పోయినవాళ్ళు నోరు మూసుకుని మిగతావాళ్ళ మాటలు వింటూ కూర్చోవాలి. అందుకని వాళ్ళకి తుపాకీ కన్నా రేడియో మీదే భక్తి ఎక్కువ. మీట నొక్కాలి. ఒక్క ఊపిరి ఆగాలి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. పిలిచేది ఎవరినో చెప్పాలి, తానెవరో చెప్పాలి, చెప్పాల్సింది చెప్పాలి. చివర "వింటున్నా" అని మీట వదిలేయాలి.

ఈ పద్ధతి నేర్పింది దళానికి నాయకురాలు హిల్కా. అరవై ఆరేళ్ళ మనిషి. కోవొలా జంక్షన్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు రైళ్ళను దాటించి రిటైరైంది. ఆవిడ రేడియోలో "ఎడమ గట్టు, ఇద్దరు, రెండు వందల మీటర్లు" అందంటే వినేవాళ్ళ గదిలో గాలి కడిగిన గాజులా అయిపోయేది. కిటికీ అద్దం మీది మరకలు కూడా కనపడేవి.

ఓయివా మాట్లాడితే పొగమంచు వచ్చేది.

సావో ప్రాంతం మనిషి అతను. ఆ ప్రాంతంలో అవును కాదు అన్న రెండు మాటలనీ పండగ గిన్నెల్లా అటక మీద దాచి, రోజువారీ పనులు వేరే మాటలతో నడుపుకుంటారు. "వానొస్తుందా?" అని అడిగితే "రాకూడదని ఎవరూ చెప్పలేదు" అంటారు. మిగతావాళ్ళ నోట అది ఊరికే మాట. ఓయివా కుటుంబంలో మాత్రం పొగమంచుగా దిగేది. వాళ్ళమ్మ పెళ్ళిలో పాదిరి "ఇతన్ని భర్తగా స్వీకరిస్తావా?" అని అడిగితే, "స్వీకరించకపోవడానికి కారణమేదీ ప్రస్తుతానికి తోచడం లేదు" అందిట. వాళ్ళ నాన్న ఏమీ తగ్గకుండా "అలా అనుకున్నా తప్పులేదు" అన్నాడట. పెళ్ళి ఫొటోలో ఒక బూడిదరంగు మబ్బు తప్ప ఇంకేమీ లేదు. అయినా దానికి ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు. అమ్మా నాన్నా పోయాక ఆ ఫొటో ఓయివా బల్ల పైకి చేరింది.

ఇక ఆటలో ఓయివా నోరు తెరిస్తే ఎనిమిది మంది హెడ్‌ఫోన్లలోంచీ తెల్లగా కారేది. హిల్కా కళ్ళద్దాలు తుడుచుకునేది. ఓవులు ఊళ్ళో ఉండే సంప్సా బట్టల బీరువాలో పుట్టగొడుగులు మొలిచాయి. అతను వాటిని వెన్నలో వేయించుకుని తిన్నాడు, బాగున్నాయన్నాడు. అంతకు మించి ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. ఒక్కొక్కరికి ఒక్కో గొంతు.

ఆ అక్టోబరు ఆదివారం మాత్రం ఓయివా నాలుగు పనులూ చేస్తూ గోడ గడియారం వైపు నలభైసార్లు చూశాడు.

కారణం విర్పి. చెక్క పడవలు కట్టే మనిషి. ఉత్తరాన టోర్నియోలో పుట్టింది, మాటని గొడ్డలితో చెక్కినట్టు మాట్లాడుతుంది. రెండేళ్ళుగా ఓయివాతో ఉంటోంది. ఆ రెండేళ్ళలో ఆమె ఉన్ని మేజోళ్ళు ఆ ఇంట్లో ఒక్కసారి కూడా పూర్తిగా ఆరలేదు. ఇప్పుడు టోర్నియోలో పడవల కార్ఖానా వాళ్ళు ఆమెని రమ్మన్నారు. "నువ్వూ వస్తావా?" అని మూడు వారాలుగా అడుగుతోంది.

"రావడం అనేది జరగని పనేమీ కాదు," అన్నాడు మొదటి వారం.

"ఆలోచిస్తే ఆలోచించదగ్గ విషయమే," అన్నాడు రెండో వారం.

మూడో వారం ఆమె గొడుగు వేసుకుని వింది.

ఆ ఉదయం బూట్లు తొడుక్కుంటూ తేల్చేసింది. "దీవి మీద మన వేసవి కుటీరానికి తాళం వేసి మూడింటికల్లా పడవలో వస్తాను. అప్పటికి ఒక్క మాట చెప్పు. అవునన్నా సరే, కాదన్నా ఏడవను. ఇంకో మబ్బు వదిలావంటే మాత్రం రేపటి రైలుకి ఒక్కదాన్నే వెళ్ళిపోతాను, నీ తాళంచెవి బల్ల మీద ఉంటుంది."

వెళ్ళేటప్పుడు చేతి రేడియో పట్టుకెళ్ళింది, ఫోను మర్చిపోయింది. దాని జోడు రేడియో ఎప్పటిలాగే కిటికీ గట్టు మీద ఉంది.

ఆటలో ఆ రోజు ఓయివాది కాపలా పని. కొండ మీద పడుకుని, కింది దారిలో ఏం వస్తోందో చెప్పాలి. వచ్చింది.

"ఓయివా, ఇది హిల్కా. దారిలో ఏముంది? ఎన్ని? ఎటు పోతున్నాయి? వింటున్నా."

"హిల్కా, ఇది ఓయివా. బళ్ళలాంటివి కొన్ని ఉన్నట్టే ఉన్నాయి, బళ్ళనే అనాలో లేదో గానీ... వంతెన వైపే అనుకుంటా, వంతెన వైపు కాదని కూడా గట్టిగా అనలేం..."

"వింటున్నా" అనడం మర్చిపోయాడు. మీట వదలడమూ మర్చిపోయాడు. అతను నొక్కి పట్టుకున్నంతసేపూ ఇంకెవరి గొంతూ దారిలోకి రాదు. పొగమంచు మాత్రం వస్తూనే ఉంది. అతను వదిలేసరికి దళంలో అయిదుగురు వంతెన దగ్గర చచ్చిపడి ఉన్నారు.

"నా పిల్లి కనపడటం లేదు," అన్నాడు సంప్సా, చచ్చినవాళ్ళు మాట్లాడకూడదన్న నియమం పక్కన పెట్టి. "గదిలోనే ఉంది. కానీ కనపడటం లేదు."

"నువ్వు పోయావు సంప్సా, నోరుమూసుకో," అంది హిల్కా. "ఓయివా, మా జంక్షన్‌కి తూర్పున ఒకే పట్టా ఉండేది. రెండు పక్కలా రైళ్ళు నిలబడి నా మాట కోసం ఎదురుచూసేవి. పట్టా ఖాళీగా ఉందా, లేదా. అంతే. చెప్పింది తప్పని తెలిస్తే మరుక్షణం దిద్దుకునేదాన్ని. చెప్పకుండా నసిగితే దిద్దుకోవడానికి ఏముంటుంది? నువ్వు తప్పు చెబుతానని భయపడి పొగ పెడుతున్నావు."

"అలా కూడా చూడొచ్చు," అన్నాడు ఓయివా, ఇంకో మబ్బు వదులుతూ.

అలవాటు ప్రకారం పొగమంచు కిటికీలోంచి బయటికి జారింది. మామూలుగా అయితే రోడ్డు దాటేలోపు కరిగిపోతుంది. కానీ మూడు వారాల నుంచీ లోపల మగ్గిన మాట వెనకాల ఉండి తోస్తోంది. అది వాలు దిగింది, రేవు దాటింది, కల్లవేసి సరస్సు మీద తెల్లటి దుప్పటిలా పరుచుకుంది. దీవులు ఒక్కొక్కటే మునిగిపోయాయి.

మూడుకి పది నిమిషాలు ఉండగా కిటికీ గట్టు మీది రేడియో గరగరలాడింది.

"ఓయివా, ఇది విర్పి. పొగమంచులో చిక్కుకున్నాను. పడవ ముక్కు కూడా కనపడటం లేదు. ఇది నీదే, కాఫీ వాసన వస్తోంది. వింటున్నా."

ఓయివా ఒక్క గెంతులో కిటికీ దగ్గరికి చేరాడు. "అయ్యో విర్పీ, అంటే మరీ అంత కంగారు పడాల్సినదా కాదా అన్నది, ఒకవేళ ఒడ్డు దగ్గరైతే..."

"మాట్లాడకు! ఇంకా చిక్కబడింది!"

దూరంగా, ఎటో చెప్పలేనంత దూరంగా, ఓడ కూత వినపడింది. బొంగురుగా, పొడుగ్గా. దుంగలు లాగే ఓడ అది. వెనకాల అరకిలోమీటరు పొడవున దుంగల తెప్ప కట్టుకుని వస్తుంది. ఎదురుగా ఏమున్నా అది ఆగలేనిది, తప్పుకోలేనిది.

హెడ్‌ఫోన్లు ఇంకా మెడలోనే ఉన్నాయి, ఆట ఆగాక మైకులన్నీ తెరిచే ఉండటంతో దళమంతా వింటోంది. వాటిలోంచి హిల్కా గొంతు, చిన్నగా, రైలు దాటించేటప్పటి గొంతు: "ఓయివా. ముందు ఊపిరి. తర్వాత పేరు. అందరూ దారి ఖాళీ చేయండి."

అయిదు ఊళ్ళలో ఏడుగురు ఊపిరి బిగబట్టారు. సంప్సా కూడా.

ఓయివా మీట నొక్కాడు. ఒక్క ఊపిరి ఆగాడు.

"విర్పి, ఇది ఓయివా. నీ దగ్గర్లో ఏం కనపడుతోందో చెప్పు. వింటున్నా."

మీట వదిలాడు. అతని జన్మలో ఇంత పొట్టి వాక్యం లేదు. కిటికీ కింద, రేవు చివర, పొగమంచు పాపిడి తీసినట్టు సన్నగా చీలింది. జానెడు నల్లటి నీళ్ళు మెరిశాయి.

"ఓయివా, ఇది విర్పి. ఎర్ర గుర్తుకర్ర, కుడిచేతి పక్క. దాని మీద పెద్ద కొంగ వదిలేసిన గూడు పుల్లలు ఉన్నాయి. వింటున్నా."

గోడ మీద సరస్సు పటం ఉంది. ఆ పుల్లల కర్రని వేసవిలో ఇద్దరూ కలిసి చూసిందే. ఓయివా వేలు దాని మీద పెట్టాడు.

"విర్పి, ఇది ఓయివా. నువ్వున్న చోటు తెలిసింది. దిక్సూచిలో రెండు వందల నలభై డిగ్రీలకి తిరుగు. నెమ్మదిగా రెండు నిమిషాలు రా. వింటున్నా."

"రెండు వందల నలభై. నెమ్మదిగా రెండు నిమిషాలు. బయల్దేరాను."

చీలిక ముందుకి పరుగెత్తింది. దారం పట్టి గుడ్డ చింపినట్టు, రేవు నుంచి నడి సరస్సు దాకా నీళ్ళు తేటపడుతూ పోయాయి. ఎక్కడి నుంచో ఓడ మళ్ళీ కూసింది. ఓడ ఉన్నది మధ్య దీవికి ఇవతలా? అవతలా? అవతలైతే విర్పికి ఓడ దారి దాటే వ్యవధి ఉంది. ఇవతలైతే లేదు. ఏదని చెప్పడం? నాలుక మీద పాత మాట తయారుగా వచ్చి కూర్చుంది. ఇవతలైనా కావచ్చు, అవతలైనా...

మింగేశాడు. చల్లగా, గొంతు మంటపుట్టేంత చల్లగా దిగింది.

"విర్పి, ఇది ఓయివా. ఇంజన్ ఆపు. ఇప్పుడే. వింటున్నా."

జవాబు లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అన్నింటికన్నా కష్టమైన మాట ఈ "వింటున్నా" అని అప్పుడు తెలిసింది అతనికి. చెప్పేశాక చేతిలో ఏమీ ఉండదు. చెవులు మాత్రం ఉంటాయి.

"ఓయివా, ఇది విర్పి. ఆపాను. దుంగలు... నా పడవ ముక్కుకి పది మీటర్ల దూరంలో పోతున్నాయి. చప్పుడు లేదు. ఒక్క చప్పుడు కూడా లేదు, ఓయివా. అడవి మొత్తం పడుకుని నడిచిపోతున్నట్టుంది."

ఆమె మీట వదల్లేదు. కావాలనే. ఎనిమిది మందీ విన్నారు, వేల చెట్లు నీళ్ళ మీద జారిపోతూ చేసే ఆ నిశ్శబ్దాన్ని. హెడ్‌ఫోన్లలోంచి దేవదారు బెరడు వాసన వచ్చింది. కోవొలాలో హిల్కా కుర్చీలోంచి లేచి నిలబడింది, ఎందుకో తెలియకుండానే. తెప్ప పోవడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఎవరూ దగ్గలేదు.

అంతా అయ్యాక విర్పి మళ్ళీ మీట నొక్కింది. ఆ ఒక్క ఊపిరి ఆగడం కూడా వినపడింది.

"ఓయివా, ఇది విర్పి. మూడు దాటింది. టోర్నియో వస్తావా? వింటున్నా."

గదిలో పొగమంచు మోకాళ్ళ దాకా ఉంది. ఓయివా దాని మధ్య నిలబడి మీట నొక్కాడు.

"విర్పి, ఇది ఓయివా. వస్తాను. వింటున్నా."

పొగమంచు పైకి లేచింది. కరగలేదు, చెదరలేదు. సరస్సుకి సరస్సే తన దుప్పటి నాలుగు మూలలా పట్టుకుని ఎత్తినట్టు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒక్కసారిగా లేచి, ఎండలో తెల్లగా వెలిగి, ఆకాశంలోకి వెళ్ళిపోయింది. కింద కల్లవేసి మొత్తం కనపడింది. పసుపు ఆకుల దీవులు, వాటి తలకిందుల దీవులు, మలుపు తిరుగుతున్న దుంగల తెప్ప తోక, అన్నింటి మధ్యా చిటికెన వేలంత పడవ, అందులో లేచి నిలబడ్డ మనిషి. రేవులో చేపలు పడుతున్న ముసలాయన టోపీ తీశాడు. కాసేపటికి మళ్ళీ పెట్టుకున్నాడు.

ఓయివా వెనక్కి తిరిగాడు. బల్ల పైన ఫొటోలో ఇద్దరు మనుషులున్నారు. నాన్నకి ఒక చెవి పెద్దది. అమ్మ పాదిరి వైపు చూడటం లేదు, నాన్న వైపు చూస్తోంది. ఆ చూపులో ఎక్కడా ఏ సందేహమూ లేదు. పుట్టినప్పటి నుంచీ ముప్పై నాలుగేళ్ళుగా అతనికి అందని జవాబు అక్కడ, ఆ మొహం మీద, పట్టపగల్లా ఉంది.

"పిల్లి కనపడింది," అన్నాడు సంప్సా మెల్లగా, హెడ్‌ఫోన్లలో.

"నువ్వింకా చచ్చే ఉన్నావు," అంది హిల్కా. ఆమె గొంతు మాత్రం తడిగా ఉంది.

కిటికీ గట్టు మీద రేడియో గరగరమంది.

"ఓయివా, ఇది విర్పి. వస్తావు. అందింది. ఇరవై నిమిషాల్లో రేవులో ఉంటాను. నా మేజోళ్ళు చూడు. వింటున్నా."

అతను పొయ్యి పక్క తీగ దగ్గరికి వెళ్ళి పట్టుకుని చూశాడు. గరుకుగా, వెచ్చగా, రెండేళ్ళలో మొదటిసారి.

"విర్పి, ఇది ఓయివా," అన్నాడు, ఒక్క ఊపిరి ఆగి. "ఆరాయి."