ఎవర్ని నిలబెట్టాలి

కుక్కర్ ఇంకో కూత కూసి ఉంటే నాకు వినపడేదే కాదు. వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఆదివారం పొద్దున ముందుగదిలో పార్టీ మీటింగు. లేచి స్టవ్ ఆపాను. ఆవిరి చప్పుడు సన్నబడి ఆగిపోగానే మా ఆయన గొంతు ఖంగుమంటూ వచ్చింది. "ఆ దుకాణంలో ఒకావిడ, కస్టమర్ల ముందే, నిలబడ్డ చోటే బట్టలు తడుపుకుంది. ఎందుకో తెలుసా? బాత్రూముకి వెళ్లనివ్వలేదు కాబట్టి. అలాంటి దుకాణం ఓనర్నా మనం ఎన్నికల్లో నిలబెట్టేది?"

చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ ఒకావిడ నేనే.

నాకూ సభ్యత్వం ఉన్న మా పార్టీ ఇక్కడ ఎప్పుడూ గెలవలేదు. ఈసారి ఊళ్లోకెల్లా పెద్ద బట్టల దుకాణం ఓనరు, టికెట్టిస్తే పార్టీలో చేరతానని కబురు పెట్టాడు. అప్పట్నుంచీ మా ముందుగది రెండు ముక్కలయింది. ఓనర్నే నిలబెడదామని ప్రింటింగ్ ప్రెస్ నడిపే ఆయనా, ఆయన వెనకున్నవాళ్లూ. కార్మికుల కేసులు వాదించి వాదించి గొంతరిగిపోయిన లాయరమ్మనే, కిందటిసారి ఓడిపోయినా సరే, మళ్లీ నిలబెడదామని మా ఆయనా, రిటైరైన మాష్టారూ. "సిద్ధాంతం పట్టుకుని ఎన్నాళ్లు ఓడిపోతాం?" అని ప్రెస్సాయన, "గెలిచి ఏం చేస్తాం, మనం మనం కానప్పుడు?" అని మా ఆయన. వారాల తరబడి ఈ వాదనంతా గోడకి ఇవతల నిలబడి విన్నాను. ఆ దుకాణం రెండో అంతస్తులో, దుప్పట్లూ కర్టెన్లూ అమ్మే చోట, పొద్దుట్నుంచి రాత్రి దాకా నిలబడేదాన్ని నేను. ఓనరు ఎలాంటివాడో నన్నడుగుదామని వాళ్లలో ఎవరికీ తోచలేదు. నన్నడిగేది ఒకటే. "వదినా, టీ ఏమన్నా..."

అప్పుడూ అదే అడిగారు. అంతకుముందు ప్రెస్సాయన "ఎవరావిడ? గాలికబుర్లు చెప్తే ఎలా?" అన్నాడు. మా ఆయన "పేరెందుకండీ. నాకు ఖాయంగా తెలుసు, అంతే" అన్నాడు. అంతే. ఇంక పేరెందుకు? ఆ దుకాణంలో పనిచేసేది ఎవరి భార్యో ఆ గదిలో తెలియనిదెవరికి? ఎవరో గొంతు సవరించుకున్నారు. వెంటనే మా ఆయన "ఏమోయ్, టీ" అని కేకేశాడు.

ట్రే పట్టుకుని వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది, కానీ వెళ్లకపోతే నేనేనని ఒప్పుకున్నట్టవుతుందని వెళ్లాను. ఒక్కరూ నా మొహంకేసి చూడలేదు. ఒకాయన చూపు మాత్రం నా నడుం కిందికి జారి, చురుక్కున వెనక్కొచ్చి, టీగ్లాసులో పడింది. మాష్టారు తల దించుకుని "నువ్వు తాగావా తల్లీ?" అన్నారు. అన్నేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. ఒళ్లంతా అట్టులా కాలిపోయింది. గ్లాసులు ఇచ్చి, తలుపు వారగా వేసి, వంటింట్లోకొచ్చి, ఈనెలు తీసిన కాయలకే మళ్లీ ఈనెలు తీయడం మొదలుపెట్టాను.

ఆ సంగతి జరిగింది బళ్లు తెరిచే ముందు రద్దీలో. మాకు బాత్రూము పైఅంతస్తులో గోడౌను పక్కన ఉంటుంది. తాళం సూపర్‌వైజర్ జేబులో. వెళ్లాలంటే అందరి ముందూ ఆయన దగ్గరకెళ్లి నిలబడాలి. "మళ్లీనా?" అంటాడు. లేకపోతే "కస్టమర్లని వదిలేసి షికారుకి పోతారా?" అంటాడు. అందుకని మేం నీళ్లు తాగడం తగ్గించేశాం. ఆ రోజు జ్వరం మాత్ర వేసుకోవాల్సొచ్చి సీసాడు నీళ్లు తాగాను. కొత్త ఇల్లు కట్టుకున్న దంపతులు వచ్చారు. ఆవిడకి ఏ దుప్పటీ నచ్చలేదు. ఒకటి విప్పి పరుస్తాను, పెదవి విరుస్తుంది, ఇంకోటి విప్పుతాను. మధ్యలో సూపర్‌వైజర్‌కి సైగ చేశాను, చేత్తో ఆగమన్నాడు. మళ్లీ చేశాను, మొహం తిప్పేసుకున్నాడు. లేతనీలం దుప్పటి రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చూపిస్తూ ఉండగా ఇక నా వల్ల కాలేదు. దుప్పటి అడ్డం ఉంది కాబట్టి నా మొహం ఎవరూ చూడలేదు. కాళ్ల మీదుగా వెచ్చగా కారిపోతుంటే నేను "ఇది ఉతికినా రంగు పోదండీ" అంటూనే ఉన్నాను.

పక్క కౌంటరు అమ్మాయి చూసింది. నోరు ఊరుకోదని మేమంతా చిలకా అని పిలుస్తాం దాన్ని. మంచినీళ్ల క్యాను ఎత్తుకొచ్చి, నా కాళ్ల దగ్గర ధభీమని పడేసి, "అయ్యయ్యో, చెయ్యి జారింది!" అని అరిచింది. కొత్తింటావిడ కాళ్లు వెనక్కి తీసుకుంది. చిలకని సూపర్‌వైజర్ అందరి ముందూ తిట్టాడు. అది తల వంచుకుని తిట్లు తింటూ నేల తుడిచింది. సాయంత్రం బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. లేచి నీళ్లు కాచి పెట్టాడు. స్నానం చేసొచ్చేసరికి నా బట్టలు తనే ఉతికి ఆరేశాడు. పెళ్లయ్యాక ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. మా అత్తగారు "ఇదేం వేళ, తలస్నానానికి?" అనడిగితే "జ్వరం, చెమట పట్టింది" అని అతనే అబద్ధమాడాడు. ఈ మనిషి దగ్గర నా మాట భద్రం అనుకున్నాను.

ఆ ఆదివారం మీటింగయ్యాక వంటింట్లోకి ఈల వేసుకుంటూ వచ్చాడు. "నీ సంగతి చెప్పగానే సీనంతా మారిపోయిందోయ్. ప్రెస్సాయనకి నోట మాట లేదు. లాయరమ్మ పేరే పైకి పంపుతున్నాం."

"ఎందుకు చెప్పావు?"

"పేరు చెప్పలేదుగా!"

"నీ భార్య ఎక్కడ పనిచేస్తుందో వాళ్లకి తెలీదా?"

"తెలిస్తే ఏం? నువ్వేం తప్పు చేశావని? సిగ్గుపడాల్సింది ఆ ఓనరు. నువ్వు గర్వపడాలి అసలు."

పోపు గింజలు డబ్బాలోంచి తీస్తూ మా అత్తగారు అంది, "వాడు చెప్పాడని ఏడుస్తావేం, వాడికి చెప్పింది నువ్వే కదా. ఆడవాళ్లన్నాక ఆపుకోవడం రావాలి, నీళ్లయినా, నోరైనా." ఆవిడకి ఎవరు చెప్పారని అడగలేదు. గోడకి ఇవతల ఉన్నది నేనొక్కదాన్నే కాదు కదా.

సిగ్గుపడాల్సింది నేను కాదని నాకూ తెలుసు. తెలిస్తే పోతుందా సిగ్గు? పైగా ఇంకో సంగతి ఉంది, దానికి మరీ సిగ్గుపడ్డాను. తలుపు చాటున వింటున్నప్పుడు, ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, 'భలే చెప్తున్నాడే' అనిపించింది నాకు. నా ఒంటి మీద జరిగినదాన్ని ఎవరిదో కథలా విని మెచ్చుకున్నాను.

కబురు దుకాణానికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. సూపర్‌వైజర్ నన్ను చూసి, అందరికీ వినపడేలా, "ఈవిడకి తాళం కావాలేమో చూడండ్రా, మళ్లీ మీటింగు పెడతారు" అన్నాడు. నలుగురు నవ్వారు. చిలక నవ్వలేదు. మధ్యాహ్నం మెట్ల మీద డబ్బాలు విప్పుకుని తింటుంటే నా మీద విరుచుకుపడింది. "మీ ఆయన నీ ఒక్కదాని సంగతే చెప్పాడట కదక్కా? నేను నీళ్లు మానేసి మానేసి కిడ్నీలో రాళ్లు తెచ్చుకున్నా, అది చెప్పలేదా? చిన్నపిల్లల బట్టల దగ్గరుండే పిల్ల నిండు నెలలతో నిలబడే ఉంది, అది చెప్పలేదా? నువ్వొక్కదానివే ఏదో వింత చేసినట్టు!"

"నన్నడిగి చెప్పాడా?" అన్నాను.

"అడిగితే చెప్పనిచ్చేదానివా?"

అడిగితే చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు. నా సిగ్గు గురించే తప్ప దాని రాళ్ల గురించి నేను అప్పటిదాకా ఆలోచించనే లేదు.

కొన్నాళ్లకి పైకమిటీ నుంచి మాట వచ్చింది. టికెట్టు దాదాపు ఓనరుకే. కాకపోతే 'ఆ బాత్రూము గొడవ' పైదాకా పాకింది కాబట్టి, ఒక మేడం వచ్చి సభ్యులతో మాట్లాడి వెళ్తుందన్నారు. ఆ సాయంత్రం నేను ఆరిన బట్టలు మడత పెడుతుంటే మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ లేనిది, తనూ ఒక తువ్వాలు తీసి మడత పెట్టాడు. అప్పుడే అనుమానం వచ్చింది నాకు.

"వ్యూహం మారింది" అన్నాడు. "ఓడిపోయి నీతులు చెప్పేకంటే గెలిచి ఒక్క మంచిపని చేయడం మేలు కదా. ప్రచారం బాధ్యతంతా నాకే ఇస్తామన్నారు."

"అయితే?"

"మేడం నిన్ను పిలిచి అడగొచ్చు. అలా జరగలేదనక్కర్లేదు, అబద్ధం ఆడమని నేనెందుకంటాను? నీకు షుగరుందని చెప్పు, చాలు. షుగరున్నవాళ్లకి ఆగదు కదా. అక్కడితో ఎవరి తప్పూ లేకుండా పోతుంది."

"నాకు షుగర్ లేదు."

"ఉందని చెప్పడానికి ఉండక్కర్లేదోయ్."

మడత పెట్టిన తువ్వాలు నా చేతికిచ్చాడు. అంచులు కలవలేదు. విప్పి మళ్లీ మడత పెట్టాను. మొదటిసారి అతను చెప్పినప్పుడు నాకు వేసిన సిగ్గు నా మీద. ఈసారి వేసిన సిగ్గు అతని మీద. మన మనిషిని చూసి మనం సిగ్గుపడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వేరేవాళ్ల మీద అయితే కోపం వస్తుంది, సరిపోతుంది.

మీటింగు ఒక అద్దె హాల్లో పెట్టారు. దుకాణం తెరిచి ఉండే రోజు కాబట్టి మా దుకాణం అమ్మాయిలెవరూ రాలేదు. నేను ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టాను. చిలకకి మాత్రం అసలు సంగతి చెప్పాను. అది నా జడకి ఊడిపోతున్న పిన్ను సరిగ్గా పెట్టి పంపింది.

మేడం మెత్తగా మాట్లాడే మనిషి. గెలుపు లెక్కలూ, కులం లెక్కలూ అన్నీ విన్నాక నన్ను పిలిచింది. "ఇది ఆడవాళ్లం మాట్లాడుకునే విషయం. మొహమాటపడకమ్మా. నీకేమన్నా ఆరోగ్య సమస్య ఉందా?"

మా ఆయన ముందు వరసలో ఉన్నాడు. కళ్లతోనే చెప్పు, చెప్పు అంటున్నాడు. లాయరమ్మ నేలకేసి చూస్తోంది.

"లేదండీ" అన్నాను.

"మరి ఆ రోజు..."

"ఆ రోజు తడుపుకున్నది నేనేనండీ. మూడుసార్లయినా సైగ చేశాను, రెండుసార్లో. తాళం ఇవ్వలేదు. ఇంకో అమ్మాయికి రాళ్లొచ్చాయి. నిండు నెలల మనిషికి స్టూలు కూడా ఇవ్వరు." నా గొంతు నాకే పీలగా వినపడింది. వెనకెవరో కిసుక్కుమన్నారు. ఇప్పుడిక్కడ కూడా అలాగే అయిపోతుందేమోనని భయమేసింది.

"సరేనమ్మా" అంది మేడం, అదే మెత్తదనంతో. "సభ్యురాలివి కాబట్టి అడుగుతున్నాను. ఎవర్ని నిలబెట్టమంటావు?"

"మమ్మల్ని ముందు కూర్చోనివ్వమనండి. తర్వాత మీరెవర్ని నిలబెట్టుకున్నా మీ ఇష్టం."

కొంతమంది చప్పట్లు కొట్టారు. మాష్టారు కొట్టారు. నాకు గొప్పగా ఏమీ అనిపించలేదు. తిన్నగా బయటికి నడిచి, హాలు వెనకాల బాత్రూములో తలుపేసుకుని, చాలాసేపు బయటికి రాలేదు.

టికెట్టు ఓనరుకే ఇచ్చారు. లాయరమ్మ పార్టీ మాటకి కట్టుబడి అతని పక్కనే వేదికెక్కింది. మా దుకాణంలో మాత్రం ఒక పొద్దున కౌంటరుకో స్టూలు కనిపించింది. బాత్రూము తాళం తీసేసి గడియ పెట్టించారు. వెనకే ఫొటోలు తీసేవాళ్లు వచ్చారు. 'ఆడవాళ్ల గౌరవమే మా గౌరవం' అని ఓనరు మొహంతో గోడల నిండా పోస్టర్లు. ఆ మాట రాసింది మా ఆయన. స్టూలు మీద కూర్చోగానే కాళ్లలోంచి నొప్పి నీళ్లలా దిగిపోయింది. ఆ హాయికి కూడా సిగ్గేసింది నాకు. ఎవరి చేతి నుంచి వచ్చిందో తెలుసు కదా. నిండు నెలల పిల్ల మాత్రం కళ్లు మూసుకుని గోడకి ఆనుకుంది. దాన్ని చూశాక నేనూ లేవలేదు.

ఎన్నికలు దగ్గరపడ్డాక మా ఆయన ఒక సాయంత్రం, చాలా రోజుల తర్వాత నవ్వుతూ, పక్కన కూర్చున్నాడు. "ఒక్క ఫొటో. ఓనరు పక్కన నువ్వు. ఏమీ మాట్లాడక్కర్లేదు. నీ వల్లే కదా ఇదంతా."

"నా మొహం ఇవ్వను."

"నేనడుగుతున్నా కూడానా?"

"నువ్వడుగుతున్నావు కాబట్టే."

హాల్లో అతని పరువు తీశానన్నాడు, ఇంకొకడైతే ఇంట్లో ఉండనిచ్చేవాడు కాదన్నాడు, తర్వాత అలా అన్నందుకు నొచ్చుకున్నాడు. ఆఖరికి నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టు, చిన్నపిల్లాడిలా నా మొహంలోకి చూసి అడిగాడు.

"పోనీ, ఓటైనా మాకు వేస్తావా? ఎవరికి వేస్తావు?"

జవాబు నా దగ్గరుంది. అతనంత మెత్తగా అడిగితే ఎప్పుడూ ఏదీ దాచుకోలేదు నేను. నోటిదాకా వచ్చింది కూడా.

"అది నీకు చెప్పను" అన్నాను.